ల్యూట్ వింటున్నప్పుడు మేమేం వింటున్నాం?

యూరప్ పునరుజ్జీవన కాలపు ల్యూట్ సంగీతం రికార్డింగులు మాకిష్టం. ఇష్టమని చెప్పడానికి మొహమాటమేమీ లేదు. అయితే ఏ సంగీతం విన్నా అది ఎవరి చేతుల మీదుగా వచ్చింది, ఆ చేతులు ఏమయ్యాయి అని అడగడం మాకు అలవాటు. మైనారిటీగా బతికేవాళ్లకి ఈ అలవాటు తప్పదు.

'ల్యూట్' అన్న మాటనే తీసుకోండి. అరబ్బీలో 'అల్ ఊద్' అంటే చెక్క. యూరప్ భాషల్లోకి వెళ్లేసరికి ముందున్న అకారం రాలిపోయి 'ల' ఒక్కటే వాద్యం పేరుకి అతుక్కుంది. ముస్లింల ఏలుబడిలోని స్పెయిన్ నుంచీ సిసిలీ నుంచీ ఆ వాద్యం ఉత్తరానికి వెళ్లింది. 13వ శతాబ్దంలో కాస్టీల్ రాజు పదో అల్ఫోన్సో రాయించిన మరియమ్మ కీర్తనల గ్రంథంలో ఒక ముస్లిం, ఒక క్రైస్తవుడు పక్కపక్కన కూర్చుని వాయిస్తున్న బొమ్మ ఇప్పటికీ ఉంది.

అలాగని ఇదంతా మాదేనని జబ్బలు చరుచుకోం. ఊద్‌కి మెట్లుండవు. యూరప్ వాళ్లు దాని మెడకి పేగుతో మెట్లు కట్టారు. 15వ శతాబ్దంలో ఈకతో మీటడం మాని వేళ్లతో మీటడం మొదలుపెట్టారు. దాంతో ఒకే మనిషి ఒకేసారి రెండు మూడు గొంతుల్ని పలికించగలిగాడు. ఇంగ్లండు వాగ్గేయకారుడు జాన్ డౌలండ్ (1563-1626) కన్నీటి సంగీతం ఆ మార్పు లేకుండా పుట్టేది కాదు. అది వాళ్ల సృష్టి, వాళ్ల గొప్ప.

డౌలండ్‌ని రికార్డింగుల్లో రెండు రకాలుగా విన్నాం. 1960ల్లో జూలియన్ బ్రీమ్ వాయించిన ల్యూట్ బరువైనది, గిటారుకి దగ్గరైనది. గోళ్లతో మీటేవాడు. పెద్ద హాల్లో చివరి వరసకీ వినిపించే గట్టి నాదం అది. ఈ సంగీతాన్ని లోకానికి మళ్లీ పరిచయం చేసినవాళ్లలో ఆయన ముఖ్యుడు. 1990ల్లో పాల్ ఓడెట్ డౌలండ్ ల్యూట్ రచనలన్నింటినీ ఐదు డిస్కుల్లో వాయించాడు. ఆయన వాద్యాలు పాత నమూనాల ప్రకారం చేసినవి. నాదం చిన్నది, చిన్న గదిలో నలుగురి కోసం పుట్టినది. మాకు ఓడెట్ ఎక్కువ నచ్చుతాడు. పల్చటి చెక్క బద్దల్ని వంచి అతికించిన ఆ బోలు కడుపు మోత ఆయన వాదనలో తెలుస్తుంది. ఆ కడుపు ఊద్‌దే. పేరులో చెరిగిపోయినది చెక్కలో చెరగలేదు.

అసలు చిక్కు స్పెయిన్ సంగీతం దగ్గర వస్తుంది. అక్కడ ల్యూట్ శ్రుతిలోనే పలికే వీహువేలా అనే వాద్యం రాజ్యమేలింది. ఒళ్లు మాత్రం గిటారుది. 1536 నుంచి 1576 దాకా దాని కోసం ఏడు పుస్తకాలు అచ్చయ్యాయి. రెండోది 1538లో గ్రనడాలో పుట్టిన లూయిస్ దె నార్వాయెజ్ వేసినది. అందులో ఒక మూర్ రాజు పాట ఉంది. తన అల్హామా కోట శత్రువుల పాలైందని విని రాజు దుఃఖపడతాడు. అల్హామా పోయింది 1482లో. గ్రనడా పోయింది 1492లో. ఈ పాటని ఇవాళ ఎందరో పాడి రికార్డు చేశారు. వింటే గుండె పట్టేస్తుంది.

ఆ వీహువేలా పుస్తకాలు అచ్చవుతున్న కాలంలోనే, 1567లో, రెండో ఫిలిప్ ప్రభుత్వం గ్రనడాలో ఒక శాసనం చాటింది. బలవంతపు బాప్తిస్మం పొందిన ముస్లింలు, అంటే మొరిస్కోలు, అరబ్బీ మాట్లాడకూడదు, తమ దుస్తులు వేసుకోకూడదు, తమ పేర్లు పెట్టుకోకూడదు. పెళ్లిళ్లలో తమ జంబ్రా ఆటపాటలు కూడా ఆడకూడదు. ఓడిన రాజు ఏడుపు దర్బారుకి కావాలి. ఆ రాజు జనం పాట మాత్రం నేరం! మా బిర్యానీని మెచ్చి, మా గజల్‌కి వహ్వా అని, అద్దెకి ఇల్లడిగితే మాత్రం పేరు విని తలుపేసే లోకంలో ఉన్న మాకు ఇది వింతగా అనిపించదు.

ఆ శాసనం మీద ఫ్రాన్సిస్కో నూన్యెజ్ ములెయ్ అనే మొరిస్కో పెద్దమనిషి అర్జీ రాశాడు. జంబ్రా మతానిది కాదు, ఈ ప్రాంతానిది అన్నాడు. మతానిదే అయితే తురకల దేశంలోనూ మొరాకోలోనూ ఇదే ఉండాలి కదా, లేదే అన్నాడు. గ్రనడా మొదటి ఆర్చిబిషప్పే చర్చి వేడుకల్లో జంబ్రా వాళ్లని పిలిపించేవాడని గుర్తుచేశాడు. ఎవరూ వినలేదు. 1568లో తిరుగుబాటు లేచింది, అణిచేశారు. 1609 నుంచి 1614 దాకా దాదాపు మూడు లక్షల మందిని దేశం నుంచి వెళ్లగొట్టారు.

ములెయ్ మాట మాకు పరాయిది కాదు. "మీరు తెలుగువాళ్లా, ముస్లింలా?" అని అడిగేవాళ్లకి మేమూ అదే చెబుతున్నాం. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా (1924-1999) శ్రీరంగంలో స్థిరపడి నాదస్వర విద్వాంసుడిగా పేరుపొందాడు. మన ఊళ్లలో దూదేకుల కుటుంబాలు తరతరాలుగా గుళ్లలో, పెళ్లిళ్లలో నాదస్వరం వాయిస్తున్నాయి. ఆ ఊపిరిది ఏ మతమని అడుగుతారు?

ఈ వెలుగులో జోర్డి సవాల్ 2006లో తెచ్చిన 'ఓరియంట్-ఆక్సిడెంట్' రికార్డింగుని వింటే రెండు మాటలు చెప్పాలనిపిస్తుంది. మొరాకో ఊద్ విద్వాంసుడు ద్రిస్ ఎల్ మలూమీని ఆయన పక్కవాయిద్యంగా కూర్చోబెట్టలేదు, సమానుడిగా కూర్చోబెట్టాడు. ఇది మంచి పని. అయితే అన్ని మతాల వాద్యాలూ హాయిగా కలిసి మోగుతుంటే చరిత్ర అంతా ఇంత తీయగానే గడిచిందేమోనన్న భ్రమ శ్రోతకి కలగొచ్చు. కలిసి వాయించిన రోజులు నిజం, తరిమేసిన రోజులూ నిజం. మొదటిదాన్నే చెప్పి రెండోదాన్ని దాచే సామరస్యం మాకొద్దు.

ల్యూట్ వినండి. డౌలండ్‌ని వినండి, నార్వాయెజ్‌ని వినండి. మూర్ రాజు పాటకి కళ్లు చెమరిస్తే చెమరించనివ్వండి. అయితే ఆ చెమ్మ పాటతోనే ఆరిపోకూడదు. ములెయ్ అర్జీకి 1567లో జవాబు రాలేదు. అటువంటి అర్జీ ఇవాళ మన పక్క వీధి నుంచి వస్తే మీరేం జవాబిస్తారన్నదే మా ప్రశ్న.