గురి తప్పించే కర్ర

వానలు పట్టుకున్నాయంటే శామీర్‌పేట చెరువు పక్క ఇళ్లలో టేకు తలుపులు బిగుసుకుపోతాయి. వడ్రంగి వచ్చి చిత్రిక పట్టి పోతాడు. అలా ఉబ్బేది రైఫిల్ ముందుకర్ర అయితే మాత్రం షూటర్ తన చేతినే తిట్టుకుంటాడు.

ఎన్‌సీసీలో .22 పట్టిన మేడ్చల్ కాలేజీ పిల్లలకు గ్రూపింగ్ అంటే తెలుసు. గుళ్లన్నీ ఒక్కచోటే పడాలి. పడకపోతే ముందు ఊపిరిని, ట్రిగ్గర్‌ని అనుమానిస్తాం. నేనైతే బ్యారెల్ కింద కూడా చూడమంటాను. గుండు బయటపడేలోపే బ్యారెల్ అదురుతుంది. ప్రతిసారీ ఒకేలా అదిరితే పేచీ లేదు. ఉబ్బిన కర్ర ఒక పక్క ఒత్తుతుంటే ఆ అదురు తేమను బట్టి, వేడిని బట్టి మారిపోతుంది. అందుకే ఇప్పటి టార్గెట్ రైఫిళ్లలో బ్యారెల్‌ను కర్రకు తగలనివ్వరు. అన్నీ అలా కాదు సుమా! పాత లీ-ఎన్‌ఫీల్డ్ నెం.4లో ముందుకర్ర కొస బ్యారెల్‌ను కావాలనే పైకి నొక్కుతుంది. తెలియక దాన్ని చెక్కేస్తే ఉన్న గురీ పోతుంది.

గుళ్లు లేవని రెండుసార్లు చూసుకుని, బోల్టు తీసేసి, పలచటి కాగితాన్ని బ్యారెల్‌కీ కర్రకీ మధ్య దూర్చి వెనక్కి లాగండి. ఎక్కడ ఆగితే అక్కడ తగులుతున్నట్టు. ఆగలేదని సంబరపడొద్దు, స్లింగ్ బిగించి పట్టినప్పుడు కర్ర వంగి తాకొచ్చు. నాకు వేలి పరీక్షే నమ్మకం. ముందుకర్ర కొసన బ్యారెల్‌కీ కర్రకీ కలిపి వేలు ఆనించి, యాక్షన్‌ను, అంటే బోల్టు కదిలే ఇనుప భాగాన్ని, కర్రకు బిగించే ముందువైపు స్క్రూ మెల్లగా వదులు చేయాలి. రెండూ ఎడం జరిగినట్టు వేలికి తగిలితే యాక్షన్ సమంగా కూర్చోలేదు, స్క్రూ దాన్ని వంచి పట్టుకుంది. దానికి మందు ఎపాక్సీ బెడ్డింగ్, అంటే యాక్షన్‌కీ కర్రకీ మధ్య సందును ఎపాక్సీతో నింపడం. ఇనుముకు మైనం పూయడం మరిచారో, రైఫిలూ కర్రా విడదీయరాని జంటైపోతాయి! ఆ పని లైసెన్సున్న ఆర్మరర్‌కే వదిలేయండి.

హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. ఆ స్థాయిలో ఇప్పుడు కర్ర బదులు అల్యూమినియం స్టాకులదే రాజ్యం. చేతులు మారుతూ వచ్చే పాత రైఫిళ్లకు కర్రే గతి. వాటికి పైన వార్నిష్ నిగనిగలాడుతుంది, బ్యారెల్ కూర్చునే గాడి చాలాసార్లు పచ్చిగానే ఉంటుంది. తేమ దూరేది అక్కడినుంచే. కొత్త స్కోపుకు డబ్బు పెట్టేముందు ఆ గాడికి వార్నిష్ వేయించండి, స్క్రూలను ప్రతిసారీ టార్క్ రెంచ్‌తో ఒకే బిగువుకు బిగించమని అడగండి.