పేరు చెబితే దొరికే క్లాసు

ప్రోగ్రామ్ నడుస్తుండగా ఒక క్లాసును దాని పేరును బట్టి వెతికి పట్టుకునే సౌకర్యం చాలా భాషల్లో ఉంది. జావా, కోట్లిన్‌లలో ఈ పనికి క్లాస్.ఫర్‌నేమ్ వాడతారు. ఐఫోన్ యాప్‌లలో ఎన్‌ఎస్‌క్లాస్‌ఫ్రమ్‌స్ట్రింగ్ ఉంటుంది. క్లాసు పేరు నేరుగా కోడ్‌లో ఉంటే కంపైలర్ సరిచూస్తుంది, తప్పుంటే బిల్డ్ అక్కడే ఆగుతుంది. అదే పేరు కొటేషన్ గుర్తుల మధ్యకు వెళ్లాక కంపైలర్‌కు ఒట్టి అక్షరాలే. అప్పుడు తప్పు బయటపడేది యాప్ వాడేవారి చేతిలోనే. కంపైలర్ వదిలేసిన ఈ కాపలా యూనిట్ టెస్టు మీద పడుతుంది.

టెస్టింగ్ సంప్రదాయం కూడా పేర్లను నమ్ముకునే పెరిగింది. స్మాల్‌టాక్ భాషకు ఎస్‌యూనిట్ అనే టెస్టింగ్ సాధనం తయారుచేసిన కెంట్ బెక్, 1997లో ఎరిక్ గామాతో కలిసి జ్యూరిక్ నుంచి అట్లాంటా వెళ్తూ విమానంలోనే జావాకు అలాంటి సాధనం జేయూనిట్ మొదలుపెట్టారు. తొలినాటి జేయూనిట్ ‘టెస్ట్’ అన్న అక్షరాలతో మొదలయ్యే మెథడ్లను నడుస్తుండగానే ఏరుకుని నడిపేది. ఆ అక్షరాలు తారుమారైతే ఆ పరీక్ష నడిచేదే కాదు. క్లాసులో మిగతా పరీక్షలు పాసవుతుంటే అది నడవలేదన్న సంగతి ఎవరి కంటా పడేది కాదు. 2006లో వచ్చిన జేయూనిట్ 4 అనొటేషన్లతో ఈ బెడద తప్పించింది. ఆపిల్ ఎక్స్‌సీటెస్ట్‌లో మాత్రం పేరు చూసి ఏరుకునే పద్ధతే ఉంది.

నంద్యాల జిల్లా పుణ్యక్షేత్రాలకు ఒక యాప్ చేస్తున్నారనుకుందాం. నంద్యాల చుట్టుపక్కల నవనందులు, ఆళ్లగడ్డ మండలం అహోబిలంలో నవ నారసింహులు, మొత్తం 18. ఒక్కో క్షేత్రానికి ఒక్కో స్క్రీన్, ఒక్కో క్లాసు. సర్వర్ పంపే జాబితాలో క్లాసు పేరుంటే యాప్ దాన్ని వెతికి తెరుస్తుంది. (అసలు 18 క్లాసులు ఎందుకు, సమాచారం మార్చుకునే ఒక్క క్లాసు చాలదా అన్నది ముందే వేసుకోవలసిన ప్రశ్న. చాలా యాప్‌లకు ఒక్కటే చాలు.) తెలుగు ఊళ్ల పేర్లతో ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఇంగ్లీషులో ఆళ్లగడ్డను ఒకరు ఒక ‘ఎల్’తో రాస్తే ఇంకొకరు రెండు పెడతారు. నంద్యాల చివర ‘ఏ’ కొందరు రాస్తారు, కొందరు రాయరు. మహానందిలో ‘ఎన్’ పెద్దక్షరమా, చిన్నక్షరమా? చదివేవారికి అన్నీ ఒకటే. పేరుతో వెతికే కోడ్‌కు ఏ రెండూ ఒకటి కావు.

ఐఫోన్ వైపు చిక్కులు ఇంకా ఎక్కువ. స్విఫ్ట్ క్లాసు పూర్తి పేరులో ముందు మాడ్యూల్ పేరు, చుక్క, ఆ తర్వాతే క్లాసు పేరు ఉంటాయి. యాప్ పేరు మధ్యలో ఖాళీ ఉంటే మామూలుగా మాడ్యూల్ పేరులో అది అండర్‌స్కోర్‌గా మారుతుంది. ఇది తెలియక వెతికితే చేతికొచ్చేది నిల్. చాలామంది మాడ్యూల్ పేరును మెయిన్ బండిల్ నుంచి తీసుకుంటారు. యాప్‌లో అది బాగానే పనిచేస్తుంది. హోస్ట్ యాప్ లేకుండా నడిచే టెస్టులో మాత్రం మెయిన్ బండిల్ అంటే టెస్టును నడిపే సాధనానిది, యాప్‌ది కాదు. అందుకే యాప్‌లో దొరికిన క్లాసు టెస్టులో దొరకదు. ఇంకో పొరపాటు, ఒకే ఫైల్‌ను యాప్ టార్గెట్‌లోనూ టెస్ట్ టార్గెట్‌లోనూ చేర్చడం. అలా చేస్తే రెండు మాడ్యూళ్లలో రెండు క్లాసులు పుడతాయి. చూపుకు ఒకటే అయినా ఒకదాన్ని రెండోదిగా కాస్ట్ చేయడం కుదరదు. ఫైల్‌ను యాప్‌లోనే ఉంచి, టెస్టులోకి టెస్టబుల్ ఇంపోర్ట్‌తో తెచ్చుకోవడం సరైన దారి. మాడ్యూల్ పేరు గొడవే వద్దనుకుంటే ఆబ్జ్‌సీ గుర్తుతో క్లాసుకు స్థిరమైన పేరు పెట్టవచ్చు.

ఆండ్రాయిడ్‌లో ప్యాకేజీ పేరుతో సహా రాయాలి, క్లాసు లోపలి క్లాసుకు డాలర్ గుర్తు పెట్టాలి. పేరు తప్పితే క్లాస్‌నాట్‌ఫౌండ్ ఎక్సెప్షన్ వస్తుంది. లోకల్ యూనిట్ టెస్టులు కంప్యూటర్ మీదే నడుస్తాయి, అక్కడ ఆండ్రాయిడ్ మెథడ్లకు ఒట్టి బొమ్మ రూపాలే ఉంటాయి. క్లాస్.ఫర్‌నేమ్ క్లాసును వెతకడంతో ఆగక దాని స్టాటిక్ భాగాన్ని కూడా నడుపుతుంది. ఆ భాగం ఆండ్రాయిడ్ మెథడ్‌ను పిలిస్తే ‘నాట్ మాక్డ్’ అన్న ఎర్రర్‌తో టెస్టు కూలుతుంది. పేరు ఉందో లేదో చూస్తే చాలనుకున్నప్పుడు మూడు ఆర్గ్యుమెంట్లు తీసుకునే రూపాన్ని వాడి, రెండోదానికి ఫాల్స్ ఇవ్వాలి.

ఇన్ని చిక్కులున్న పద్ధతిని యాప్ అంతటా చల్లుకోకూడదు. వెతకడమంతా ఒకే ఫంక్షన్‌లో జరగాలి, టెస్టు కాపలా దానికే ఉండాలి. సర్వర్ పంపే అసలు జాబితా ఫైల్‌నే టెస్టు చదివి, ప్రతి పేరుకూ క్లాసు దొరికిందా, అది స్క్రీన్ రకమేనా, దాంతో ఆబ్జెక్ట్ తయారవుతోందా అని చూడాలి. టెస్టులో పేర్లు మళ్లీ చేత్తో టైపు చేస్తే కోడ్‌లో ఉన్న తప్పే అక్కడా దిగుతుంది. కావాలనే లేని పేరొకటి ఇచ్చి, యాప్ కూలిపోకుండా మామూలు స్క్రీన్ చూపుతోందో లేదో కూడా పరీక్షించాలి. బయటి నుంచి వచ్చిన ఏ పేరునైనా నమ్మి క్లాసు తెరవడం భద్రతకు ముప్పు కనుక, అనుమతించిన పేర్ల పట్టిక తప్పనిసరి. ఆ పట్టికలో పేరు పక్కన క్లాసునే నేరుగా రాసేస్తే కంపైలర్ మళ్లీ కాపలాకు వస్తుంది, పేరుతో వెతకాల్సిన పనీ చాలాసార్లు తప్పుతుంది. తప్పకపోతే ఆండ్రాయిడ్‌లో చివరగా కోడ్‌ను కుదించే ఆర్8 సాధనం సంగతి చూసుకోవాలి. రిలీజ్ బిల్డ్‌లో ఆన్ చేసి ఉంటే అది క్లాసుల పేర్లను ఒకటి రెండు అక్షరాలకు కుదించేస్తుంది. టెస్టులు సాధారణంగా డీబగ్ బిల్డ్ మీద నడుస్తాయి కాబట్టి అన్నీ పాసై, స్టోర్‌లో పెట్టిన యాప్‌లో మాత్రం క్లాసు దొరకదు. పేరుతో వెతికే క్లాసులకు, పేరు మార్చవద్దని చెప్పే కీప్ నియమం రాసి, ఆ స్క్రీన్లను రిలీజ్ బిల్డ్ మీద కూడా ఒకసారి తెరిచి చూడాలి.