ప్రణాళికా సిద్ధాంతం – పొసగని లోకదృష్టులు

ఒక ఊరు, ఒక నదీతీరం ఎలా ఉండాలో నిర్ణయించే ప్రణాళికాశాస్త్రం చాలాకాలం తనను తాను సాంకేతిక విద్యగానే భావించుకుంది. ప్రజాహితం ఒక్కటేననీ, దాన్ని నిపుణుడు లెక్కగట్టగలడనీ అప్పటి నమ్మకం. 1965లో పాల్ డేవిడాఫ్ ఈ నమ్మకాన్ని ప్రశ్నించారు. ప్రజాహితాలు అనేకమనీ, న్యాయవాది తన కక్షిదారు తరఫున వాదించినట్టే ప్రణాళికాకర్త కూడా బలహీనుల పక్షాన వాదించాలనీ ప్రతిపాదించారు. 1997లో వెలువడిన 'కొలాబరేటివ్ ప్లానింగ్' గ్రంథంలో పాట్సీ హీలీ, హాబర్‌మాస్ సంభాషణా సిద్ధాంతాన్ని ఆసరాగా తీసుకొని, వాదప్రతివాదాల స్థానంలో పరస్పర అవగాహనను నిలిపారు.

ఈ ఆలోచనలో ఔదార్యం ఉంది. అయితే, భిన్న ప్రయోజనాలకూ భిన్న లోకదృష్టులకూ మధ్యనున్న అంతరాన్ని ఇది తక్కువగా అంచనా వేసింది. రహదారి వెడల్పు విషయంలో బేరం కుదరవచ్చు. నది వనరా, పూర్వీకురాలా అన్నచోట బేరానికి ఉమ్మడి కొలమానమే లేదు. చర్చకు అందరినీ పిలిచినా, చర్చ సాగే భాష ఒక పక్షానిదే అయినప్పుడు, రెండవ పక్షం తన విశ్వాసాన్ని 'సాంస్కృతిక విలువ' అనే గడిలో నింపి ఇవ్వవలసివస్తుంది. ఆ అనువాదంలోనే అది సగం ఓడిపోతుంది. ఏకాభిప్రాయానికి బదులు ప్రత్యర్థుల మధ్య గౌరవప్రదమైన సంఘర్షణను కోరిన శాంతాల్ మూఫ్ ఆలోచన ఈ ఓటమిని గుర్తిస్తుంది. కాని చివరి నిర్ణయాన్ని ఎవరి భాషలో రాయాలో చెప్పదు.

ఈ ప్రశ్నకు న్యూజిలాండ్‌లోని వాంగనూయి నది ఒక పాక్షిక సమాధానం. నదీ తామూ వేరుకాదన్నది అక్కడి మావోరీ తెగల భావన. 2017 నాటి చట్టం ఆ నదిని కొండల నుంచి సముద్రం దాకా విడదీయరాని సజీవ సమగ్రతగా, చట్టం దృష్టిలో వ్యక్తిగా గుర్తించింది. దాని తరఫున మాట్లాడే ఇద్దరిలో ఒకరిని తెగలు, మరొకరిని ప్రభుత్వం ప్రతిపాదిస్తాయి. ఇక్కడ మావోరీల మాట గడిలో ఇరుక్కోలేదు. చట్టపు భాషే కొంత మారింది. అయినా అంతకుముందున్న ప్రైవేటు ఆస్తి హక్కులను చట్టం తాకలేదు. ఎగువ నీటిని విద్యుదుత్పత్తికి మళ్ళించే టోంగారీరో పథకం కొనసాగుతూనే ఉంది.

ఈ పరిమితి వల్ల ఆ ప్రయత్నం విలువ తగ్గదు. సిద్ధాంతం ఎక్కడ ఆగిపోయిందో తెలుస్తుంది. చర్చలో ఎవరెవరు పాల్గొన్నారన్నది సరిపోని ప్రశ్న. చర్చనీయాంశాన్ని ఎవరి మాటల్లో రూపొందించారు, నీరు చివరికి ఎటు పారింది అన్నవే ప్రణాళికా సిద్ధాంతం ఎదుర్కోవలసిన ప్రశ్నలు.