సుఖం ఎవరిది? వ్యాధి ఎవరిది?

లైంగిక సంపర్కం వల్ల అంటుకునే జబ్బులకు తెలుగులో స్థిరపడిన పేరు సుఖవ్యాధులు. ఈ పేరు పెట్టినవాళ్లు ఆడదాన్ని అడిగి పెట్టలేదు. పలాస జీడి బట్టీల్లో జీడి రసానికి చేతులు పొక్కి ఇంటికొచ్చే ఆడకూలీకి మొగుడి నుంచి అంటిన జబ్బులో సుఖమెక్కడుంది? ఆమె భాషలో అది తెల్లబట్ట, పొత్తికడుపు నొప్పి. అదీ చాటుగా చెప్పుకునేదే.

ఈ జబ్బుల వైద్యంపై కేంద్ర ఆరోగ్యశాఖ, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2007లో ఇచ్చిన మార్గదర్శకాలను ఈ ప్రశ్నతోనే చదవాలంటున్నాం. వాటి పద్ధతి సులువే. పరీక్ష ఫలితం కోసం ఆగకుండా, కనబడే లక్షణాన్ని బట్టి అదే రోజు మందు ఇవ్వాలి. ఇందుకోసం రంగుల వారీగా ఏడు మందుల కిట్లు వచ్చాయి. మగవాడికి మూత్రనాళం నుంచి చీము కారితే బూడిదరంగు కిట్: అజిత్రోమైసిన్ 1 గ్రాము, సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు, ఒకే మోతాదు. ల్యాబు లేని చోట, కూలి పోగొట్టుకుని రెండోసారి రాలేని పేదలకు ఇది మేలే. ఆ మేలును మేం కాదనం.

కానీ ఈ లెక్క మగవాడి ఒంటికి కుదిరినట్టు ఆడదాని ఒంటికి కుదరదు. గనేరియా, క్లమీడియా సోకిన ఆడవాళ్లలో ఎక్కువమందికి లక్షణాలే కనబడవు. తెల్లబట్ట అయినవాళ్లలో చాలామందికి ఈ జబ్బులుండవు. అంటే జబ్బున్నామె మిగిలిపోతుంది, లేనామె మందులు మింగుతుంది. మిగిలిపోయిన జబ్బు గర్భనాళాలను మూసేస్తే గొడ్రాలన్న నింద ఆమెదే. వీలున్న చోట ల్యాబు పరీక్షలు జోడించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2021లో చెప్పింది.

ఇక్కడ కులం సంగతి దాటేయలేం. మన భాషలో అంటువ్యాధి, అంటరానితనం ఒకే మాటలోంచి పుట్టాయి. పుట్టుకతోనే అంటు అనిపించుకున్న మాలపేట, రెల్లివీధి ఆడది ఓపీ వరసలో నిలబడి పదిమంది ముందు ఈ జబ్బు పేరు చెప్పాలంటే రెండు అంట్లు మోయాలి. తలుపున్న గది, ఆడ డాక్టరు, గుట్టు దాచే సిబ్బంది లేకపోతే ఏ రంగు కిట్టూ ఆమెదాకా రాదు.

మొగుడికీ మందు పడకపోతే జబ్బు తిరిగొస్తుంది. అతనేమో గుజరాత్‌లోని వెరావల్‌లో చేపల వేటకో, చెన్నైలో కట్టుబడి పనికో పోయి ఉంటాడు. ఎయిడ్స్ కార్యక్రమం వలస కూలీకి 'వారధి జనాభా' అని పేరు పెట్టింది. జబ్బు ఇంటికొచ్చే దారి చూసింది గానీ, అతను ఇల్లు విడిచిన కారణం చూడలేదు.

ఉద్దానంలో ఇంకో ప్రశ్న ఉంది. కిడ్నీ జబ్బు ఇంతగా ఉన్న నేల ఇది. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు సెఫిక్సిమ్, ఎసైక్లోవిర్ మోతాదు తగ్గించాలి. కాబట్టి టెక్కలి నుంచి కవిటి దాకా ఎక్కడైనా కిట్ చేతిలో పెట్టే ముందు కిడ్నీల సంగతి అడగాలి, క్రియాటినిన్ చూడాలి.

మేం అడిగేది దయ కాదు. సామాజిక ఆరోగ్య కేంద్రంలో పరీక్ష, చాటు, మొగుడు పనిచేసే ఊళ్లో అతనికీ మందు కావాలి. ముందుగా ఆ సుఖమన్న మాట మా ఆడవాళ్ల ఒంటి మీంచి తీసేయండి.