వాడని యూనిటుకు లెక్క కట్టే పనితనం

తల్లాడ సెంటరు నుంచి తూర్పు ముఖంగా బయలుదేరితే అంతా కరెంటు పుట్టిన సీమే. సత్తుపల్లి దారి పడితే ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనులు వస్తాయి. కొత్తగూడెం దారి పడితే సింగరేణి ప్రధాన కార్యాలయం, దాన్ని దాటగానే పాల్వంచలో 1960ల నుంచి నడుస్తున్న కేటీపీఎస్ థర్మల్ కేంద్రం. ఇంకా పైకి మణుగూరులో 270 మెగావాట్ల యూనిట్లు నాలుగున్న భద్రాద్రి థర్మల్ కేంద్రం. గోదావరి దాటి అడవిలోకి పోతే మోతుగూడెం దగ్గర 460 మెగావాట్ల దిగువ సీలేరు. 2014లో మోతుగూడెం ఉన్న మండలం ఆంధ్రప్రదేశ్‌కు పోయింది గానీ అంతదాకా అది ఖమ్మం జిల్లా సొత్తే.

కరెంటు పుట్టించిన వాళ్ల పనితనం ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. ఇక్కడ పరిచయం చేయబోయే పనితనం కంటికి కనబడదు, చప్పుడు చెయ్యదు. రాత్రి ఏడింటికి ఊరూవాడా ఒకేసారి స్విచ్చులు వేసే వేళ కాస్త తగ్గించి వాడిన ఇంటికి, ఆ తగ్గించినంత మేర డబ్బు చెల్లించే ఏర్పాటు అది. వినడానికి తేలికగా ఉంటుంది. లోపలికి వెళ్లి చూస్తే మాత్రం ఎంత ఆలోచన, ఎంత జాగ్రత్త పెట్టి కట్టారో తెలుస్తుంది.

రాత్రి ఆ రెండు మూడు గంటల మీదే ఇంత పట్టుదల ఎందుకంటే యూనిటు ధర రోజంతా ఒక్కలా ఉండదు. మన బిల్లులో ఉంటుంది గానీ, కొనే చోట ఉండదు. విద్యుత్ ఎక్స్ఛేంజిలో రోజును పావుగంటల లెక్కన 96 ముక్కలు చేసి ముక్కకో ధర కడతారు. ఎండ కాసే వేళ సోలారు పుణ్యమా అని ధర దిగుతుంది. పొద్దుగూకాక డిమాండు ఎక్కువున్న రోజుల్లో యూనిటు 10 రూపాయలకు చేరుతుంది. అంతకు మించకుండా 2023లో కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి గీత గీసింది కాబట్టి అక్కడ ఆగుతుంది. దీనికి తోడు తీగల నష్టం. తీగలో పారే కరెంటు రెట్టింపైతే వేడిగా పోయే నష్టం నాలుగింతలవుతుంది. అడవి అంచు ఊళ్ల దాకా సాగే పొడుగాటి 11 కేవీ లైను చివర ఉన్నవాళ్లకు రాత్రిపూట లో వోల్టేజీ ఎందుకొస్తుందో ఇందులోనే ఉంది.

ఇళ్లు కలిస్తే ఎంత తగ్గించగలవో మనం ఒకసారి చేసి చూపించాం కూడా. 2020 ఏప్రిల్ 5, లాక్‌డౌన్ రోజులు. రాత్రి 9 గంటలకు 9 నిమిషాల పాటు లైట్లు ఆర్పి దీపాలు పెట్టమన్నప్పుడు తల్లాడా ఆర్పింది, ఢిల్లీ ఆర్పింది. పావు తక్కువ తొమ్మిది నుంచి తొమ్మిదీ పది లోపు దేశం మొత్తం మీద వాడకం 31,089 మెగావాట్లు పడిపోయింది. లోడ్ డిస్పాచ్ కేంద్రాల వాళ్లు జలవిద్యుత్తును 17,000 మెగావాట్లకు పైగా దించి, మళ్లీ ఎక్కించి, ఫ్రీక్వెన్సీని 49.70, 50.26 హెర్ట్జ్‌ల మధ్య నిలబెట్టారు. ఆ రాత్రి వాళ్లు చూపిన నేర్పు గురించి ఎంత రాసినా తక్కువే. అయితే ఆ రోజు ఏ ఇల్లు ఎంత తగ్గించిందో లెక్క కట్టాల్సిన పని ఎవరికీ పడలేదు. డబ్బు ఇవ్వాలంటే ఆ లెక్క కావాలి. అసలు కష్టం అక్కడే.

ఖమ్మం మార్కెట్ యార్డులో మిర్చి తూకం వేసేటప్పుడు తరుగు మీద ఎంత గొడవైనా, కాటా మీద బస్తా ఉంటుంది, అందరూ చూస్తారు. ఇక్కడ కాటా మీద ఏమీ లేదు. వాడిన యూనిటు మీటరులో ఎక్కుతుంది. వాడకుండా వదిలేసింది ఎందులోనూ ఎక్కదు. అందుకని ముందుగా, ఈ ఇల్లు ఈ రాత్రి మామూలుగా అయితే ఎంత వాడేదో తేల్చాలి. దాన్ని బేస్‌లైన్ అంటారు. ఈ ఏర్పాటు న్యాయమంతా ఆ ఒక్క అంకె మీద నిలబడి ఉంటుంది.

ఒక ఇల్లు ఉందనుకుందాం. రాత్రి 7 నుంచి 9 దాకా గత పది పనిదినాల్లో ఆ ఇంటి వాడకం యూనిట్లలో ఇలా ఉంది: 1.1, 0.9, 1.4, 1.0, 1.2, 0.8, 1.3, 0.2, 1.0, 1.1. ఆ 0.2 నాడు ఇంటిల్లిపాదీ పెళ్లికి వెళ్లారు. పదింటి సగటు తీస్తే సరిగ్గా 1.0 వస్తుంది. అమెరికాలో ఇళ్లకు వాడే ఒక పద్ధతి పదింటినీ తీసుకోదు. ఎక్కువ వాడిన అయిదు రోజులనే తీసుకుంటుంది: 1.4, 1.3, 1.2, 1.1, 1.1. సగటు 1.22. ఇది ఇంటివాళ్ల వైపు మొగ్గినట్టు కనిపిస్తుంది, నిజానికి ఆలోచించి చేసిన పనే. మన దగ్గర తగ్గించమని అడిగేది ఎక్కువగా ఎండలు మండే రోజునే. ఊరెళ్లిన రోజునూ చల్లబడిన రోజునూ కలిపి సగటు తీస్తే మండే రోజుకు అది సరిపోదు.

అది కూడా చాలదని ఇంకో మెట్టు పెట్టారు. ఈ రోజు ఆ పది రోజుల కన్నా వేడిగా ఉంటే? పొద్దున 9 నుంచి 11 దాకా ఇవాళ ఎంత వాడారో, గతంలో అదే వేళ ఎంత వాడారో పోలుస్తారు. ఇవాళ అయిదో వంతు ఎక్కువుంటే బేస్‌లైన్‌నూ అంత మేర పెంచుతారు. 1.22 కాస్తా 1.46 అవుతుంది. రాత్రి ఆ ఇల్లు 0.70 వాడితే తగ్గించింది 0.76 యూనిటు.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చినది ఒక చిన్న సంగతి. ఈ పోల్చే గంటలు ముగిశాకే ఇంటికి కబురు వెళ్లాలి. పై లెక్కలో 11కు కొలత ఆపి 12కు మెసేజి పంపాలి. ముందే తెలిస్తే ఇంటివాళ్లు, తప్పుడు ఉద్దేశం లేకపోయినా, సాయంత్రం పనులు పొద్దున్నే చేసుకుంటారు. కూలరు ముందే వేసి గది చల్లబరుచుకుంటారు. దాంతో బేస్‌లైన్ దానంతటదే ఉబ్బుతుంది. ఒక గంట అటూ ఇటూ జరపడంతో లెక్క నిజమైనా కావచ్చు, పనికిరాకుండా పోనూ వచ్చు. ఇలాంటి చోటే చేయి తిరిగిన పనివాడు తెలుస్తాడు.

ఉద్దేశంతోనే ఉబ్బించిన వాళ్లూ ఉన్నారు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో రంఫర్డ్ అనే కాగితం మిల్లు కథ ప్రభుత్వ రికార్డులో ఉంది. కాగితం మిల్లులు సొంత కరెంటు తయారు చేసుకుంటాయని, అలాంటి మిల్లే ఉన్న మన సారపాక వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. 2007లో బేస్‌లైన్ కొలిచే రోజుల్లో ఆ మిల్లు సొంత ఉత్పత్తి తగ్గించి గ్రిడ్ నుంచి ఎక్కువ లాగిందని, తర్వాత ఎప్పటిలా సొంత కరెంటు వాడుకుంటూ అదే తగ్గింపుగా చూపిందని అక్కడి కేంద్ర నియంత్రణ సంస్థ తేల్చింది. 2013లో కోటి డాలర్ల జరిమానాతో రాజీ కుదిరింది.

ఒక్కో ఇంటి లెక్క ఎంత జాగ్రత్తగా కట్టినా తప్పుతుంది. చుట్టాలు దిగుతారు, పిల్లాడికి జ్వరం వస్తుంది, పండగ వస్తుంది. వెయ్యి ఇళ్లు కలిపితే ఒక ఇంటి ఎక్కువ ఇంకో ఇంటి తక్కువతో సర్దుకుపోయి మొత్తం నమ్మదగినదిగా తేలుతుంది. సరిచూసుకోవడానికి మరో మంచి ఉపాయం ఉంది. చేరిన ఇళ్లలో కొన్నిటిని చీటీ తీసినట్టు ఎంచి ఆ రోజు వాటికి కబురు పంపకుండా వదిలేస్తారు. కబురు అందిన ఇళ్లకూ అందని ఇళ్లకూ మధ్య తేడాయే నిజంగా తగ్గిన కరెంటు.

ఇదంతా కాగితం మీది ఊహ కాదు. కాలిఫోర్నియాలో మనవాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రీమాంట్, కూపర్టినో ఇళ్లకు కరెంటు చేరవేసే పీజీ అండ్ ఈ కంపెనీ 2022లో, తగ్గించిన యూనిటుకు 2 డాలర్లు ఇచ్చే పథకం మొదలుపెట్టింది. అదే ఏడాది సెప్టెంబరు 6న కాలిఫోర్నియా డిమాండు 52,061 మెగావాట్లకు ఎక్కింది. సాయంత్రం ప్రభుత్వం ఫోన్లకు అత్యవసర సందేశం పంపిన అరగంటలోపే 2,000 మెగావాట్లకు పైగా దిగి, కోతలు తప్పాయి. ఆ చలికాలంలోనే బ్రిటన్ గ్రిడ్ సంస్థ యూనిటుకు కనీసం 3 పౌండ్ల హామీతో ఇలాంటి ఏర్పాటు తెచ్చింది. 16 లక్షల ఇళ్లు, వ్యాపారాలు చేరి 3,300 మెగావాట్ అవర్లు తగ్గించాయి. మన దేశంలో 2023లో ముంబై టాటా పవర్ 55,000 ఇళ్లను, 6,000 పెద్ద వ్యాపార, పారిశ్రామిక వినియోగదారులను లక్ష్యంగా పెట్టుకుని ఇటువంటి పథకం ప్రకటించింది.

తల్లాడ ఇంటి గోడ మీది మీటరుకు ఇది సాధ్యమా? మీటరు దగ్గరగా చూడండి. చాలా సింగిల్ ఫేజ్ మీటర్ల మీద 3200 అనే అంకె ఉంటుంది. యూనిటుకు ఎర్రలైటు అన్నిసార్లు మినుకుతుందని అర్థం. 75 వాట్ల ఫ్యానొక్కటే తిరుగుతుంటే 15 సెకన్లకోసారి, కిలోవాటు లాగే మోటారు వేస్తే దాదాపు సెకనుకోసారి. ఇంత సూక్ష్మంగా కొలిచే యంత్రం చేతిలో ఉండి కూడా, స్పాట్ బిల్లింగ్ మిషనుతో వచ్చే మనిషి బిల్లుకు తీసుకునేది నెలకోసారి రీడింగే. ఏ పావుగంటలో ఎంతన్నది దాచి పంపేది స్మార్ట్ మీటరు. బేస్‌లైన్‌కు అది తప్పనిసరి.

ఇక డబ్బు సంగతి. 2023లో కేంద్రం సవరించిన నియమాలు ఎండవేళ ధర తగ్గించి, పీక్ వేళ పెంచమంటాయి. గృహజ్యోతి కింద 2024 మార్చి నుంచి 200 యూనిట్ల లోపు అర్హులైన ఇళ్లకు సున్నా బిల్లు వస్తోంది. సున్నాలో తగ్గించేదేముంది? ఆ ఇళ్లకు వేళను బట్టి ధర మార్చినా తేడా తెలియదు. తగ్గించినందుకు చేతికి డబ్బిస్తే తెలుస్తుంది. పైగా ధర పెంపు, తగ్గించుకునే వీలులేని ఇంటిని శిక్షిస్తుంది. బహుమతి ఎవరినీ శిక్షించదు. అందుకే తల్లాడలాంటి చోటికి బహుమతే తగినదని నా గట్టి నమ్మకం.

వచ్చే డబ్బు చిన్న మొత్తమే, దాచుకోనక్కర్లేదు. ఎక్స్ఛేంజి గరిష్ఠ ధర మొత్తం ఇంటికే ఇచ్చినా మన లెక్కలోని ఇంటికి ఆ రాత్రి దక్కేది 7 రూపాయల 60 పైసలు. అలాంటి ఇళ్లు వెయ్యి ఉంటే ఆ రెండు గంటలూ 380 కిలోవాట్ల లోడు దిగుతుంది. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్లు దాదాపు నాలుగు మోసేంత బరువు అది.

ఈ లెక్క ఒకరికి అన్యాయం చేస్తుంది: ఎప్పుడూ పొదుపుగా వాడేవాళ్లకు. వాళ్ల బేస్‌లైన్ మొదటినుంచీ కిందే ఉంటుంది కాబట్టి తగ్గించడానికి మిగలదు. పిలుపు వచ్చిన రోజులను తర్వాతి పది రోజుల సగటులో కలపకూడదన్న నిబంధన, పిలుపు మీద తగ్గించిన వాళ్లను కాపాడుతుంది. అలవాటుగా పొదుపు చేసే ముసలమ్మను కాపాడదు. ఆమె కోసం చేరినందుకే ఇంత అని విడిగా ఇవ్వడం తప్ప నాకు వేరే దారి తోచడం లేదు.

ఇక్కడ పథకం పెట్టే రోజు వస్తే మొదటి మెసేజి మోటారు గురించి, తెలుగులో వెళ్లాలి: రాత్రి ఏడింటికి ఎక్కించే ట్యాంకును మధ్యాహ్నం రెండింటికే నింపుకోండి అని. కొలత 11కే ముగిసింది కాబట్టి రెండింటి వాడకం బేస్‌లైన్‌ను ఉబ్బించదు. కిలోవాటు లాగే మోటారు ఆ వేళ అరగంట ఆగితే అర యూనిటు దిగుతుంది. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, పిల్లల చదువు దగ్గర లైటు వెలుగుతూనే ఉంటుంది.