1955 ఎన్నికలూ, సాహిత్యంలో స్తబ్ధతా

మన సాహిత్య చరిత్రకారులకు 1955 చాలా అనుకూలమైన సంవత్సరంగా మారిపోయింది. 1943లో తెనాలి మహాసభతో సంఘటితమైన అభ్యుదయ సాహిత్యోద్యమం 1955తో చల్లబడిందనీ, అటుపైన 1965లో దిగంబర కవులు వచ్చేదాకా పదేళ్లపాటు స్తబ్ధత రాజ్యమేలిందనీ పాఠ్యగ్రంథాలలోనూ, పరిశోధనా వ్యాసాలలోనూ చదువుతున్నాం. కారణం ఏమిటంటే, ఆ యేడు ఫిబ్రవరిలో ఆంధ్ర రాష్ట్రంలో జరిగిన మధ్యంతర ఎన్నికలలో కమ్యూనిస్టులు ఓడిపోవటమేనంటారు. ప్రజలు తిరస్కరించారు, రచయితలు నిరాశపడ్డారు, కలాలు ఆగిపోయాయి. ఇదీ వరస. ఈ మూడింటిలో చివరి రెండు మాటల మీద మనం కావలసినంత తర్కించాం. మొదటి మాటను మాత్రం పరీక్షించకుండానే ఒప్పేసుకున్నాం. ప్రజలు నిజంగా తిరస్కరించారా?

ముందు జరిగింది చూద్దాం. 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం 1954 నవంబరులో మద్యనిషేధం విషయమై అవిశ్వాస తీర్మానానికి గురై పడిపోయింది. రాష్ట్రపతి పాలన వచ్చింది. ఆ వెంటనే ఎన్నికలు వచ్చాయి. 196 స్థానాల శాసనసభలో కాంగ్రెసుకు 119, దానితో కూటమి కట్టిన రంగాగారి కృషికార్ లోక్ పార్టీకి 22, ప్రజా పార్టీకి 5, మొత్తం 146 వచ్చాయి. కమ్యూనిస్టులకు 15 వచ్చాయి. అంతకు మూడేళ్ల ముందు, 1952లో, మద్రాసు శాసనసభకు ఇదే ప్రాంతంనుంచి 41 మంది కమ్యూనిస్టులు గెలిచారు. నలభై ఒకటి పదిహేనుకు దిగింది. మన విమర్శకులు ఇక్కడితో ఆగిపోతారు.

ఇంకొక లెక్క వున్నది. 1955లో కమ్యూనిస్టు పార్టీకి పోలైన ఓట్లలో 31 శాతం, అంటే దాదాపు 27 లక్షల ఓట్లు వచ్చాయి. ఇది 1952లో వచ్చినదానికంటే తక్కువ కాదు, బాగా ఎక్కువ. స్థానాలు మూడోవంతుకు పడిపోయిన ఎన్నికలోనే ఓట్లు పెరిగాయి. ఓటు వేసిన ప్రతి పదిమందిలో ముగ్గురు, ఎన్ని బెదిరింపులు, ఎంత ప్రచారం వున్నా, ఆ గుర్తు మీదనే వేశారు. వీరిని వదిలేసి "ప్రజలు" అనే మాటను ఎలా వాడగలం?

ఈ వింతకు కారణం రహస్యమేమీ కాదు. ఒక నియోజకవర్గంలో అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినవాడు గెలిచినట్టు లెక్క; సగం రావాలన్న నియమం లేదు. 1952లో కాంగ్రెసు, దానినుంచి విడిపోయినవారు, స్వతంత్రులు ఒకే వూళ్లో విడివిడిగా పోటీపడ్డారు. ఆ చీలిక మధ్యనుంచి కమ్యూనిస్టులు గెలిచారు. 1955లో ఎస్. కె. పాటిల్ వచ్చి కూర్చుని ఆ చీలికలను పూడ్చారు. కోస్తా జిల్లాలలోని ధనిక రైతాంగం, కులాల మధ్యవున్న పోటీని పక్కన పెట్టి, భూమి మాట వచ్చేసరికి ఒక్కటైంది. దానికితోడు నెహ్రూ విదేశాంగ విధానాన్ని మెచ్చుకున్న మాస్కో పత్రిక "ప్రావ్దా" సంపాదకీయాన్ని కాంగ్రెసు వూరూరా పంచింది. ముఖాముఖీ పోటీలో 31 శాతం ఎంత పెద్దదైనా నెగ్గదు.

నేనిక్కడ ఓటమిని గెలుపుగా చూపించబోవటం లేదు. కూటమికి వచ్చిన ఓట్లు కమ్యూనిస్టుల ఓట్లకంటే చాలా ఎక్కువ. అధికారం చేతికి వచ్చేసినట్టే మాట్లాడిన నాయకులు పొరపాటు పడ్డారు. ఐతే ఓడిపోవటం వేరు, తిరస్కరింపబడటం వేరు. మొదటిది అంకగణితానికి సంబంధించినది. రెండవది ప్రజల మనస్సుకు సంబంధించినది. మొదటిదానినుంచి రెండవదానిని తేల్చటమే మన సాహిత్య చరిత్ర చేసిన తప్పు.

ఇది ఆంధ్రలో ఒక్కసారి జరిగిన ప్రమాదమని ఎవరైనా అంటే కేరళను చూడమంటాను. 1957లో అక్కడ కమ్యూనిస్టు పార్టీకి సుమారు 35 శాతం ఓట్లు వచ్చాయి. 126లో 60 స్థానాలు వచ్చాయి. నంబూద్రిపాద్ ప్రభుత్వం ఏర్పడింది. భూసంస్కరణ, విద్యా బిల్లుల మీద అలజడి లేపి, 1959 జులై 31న కేంద్రం ఆ ప్రభుత్వాన్ని 356వ అధికరణం కింద తీసివేసింది. 1960 ఎన్నికలలో అదే పార్టీకి 39 శాతం ఓట్లు వచ్చాయి, కాంగ్రెసుకంటే కూడా ఎక్కువ. స్థానాలు మాత్రం 29కి దిగాయి. కాంగ్రెసు, ప్రజా సోషలిస్టు పార్టీ, ముస్లిం లీగు కలిసి పోటీచేయటమే కారణం. 35 శాతం ఓట్లకు 60 స్థానాలు, 39 శాతం ఓట్లకు 29 స్థానాలు!

ఇక్కడ మనం ఆత్మవిమర్శ చేసుకోక తప్పదు. 1957ను ప్రజాచైతన్యపు విజయంగా కీర్తించినవారమే 1960 వచ్చేసరికి స్థానాల లెక్క మోసమన్నాం. స్థానాల లెక్క మోసమైతే రెండుసార్లూ మోసమే. మనకు లాభించినప్పుడు ఒక కొలబద్ద, నష్టించినప్పుడు మరో కొలబద్ద పట్టుకుంటే అది విమర్శ అనిపించుకోదు.

ఈ పాఠం ఏ ఒక్క పార్టీకి సంబంధించినదీ కాదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశానికి 39 శాతం ఓట్లు వస్తే 175లో 23 స్థానాలు దక్కాయి. 2024లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసుకు దాదాపు అదే 39 శాతం వస్తే 11 దక్కాయి. రెండుసార్లూ మర్నాటి పత్రికలు "తుడిచిపెట్టుకుపోయింది" అనే రాశాయి. ఓటు వేసినవారిలో ప్రతి పదిమందికి నలుగురు ఎలా తుడిచిపెట్టుకుపోతారో ఎవరూ చెప్పలేదు.

రెండవ సంగతి మన సమాఖ్య వ్యవస్థకు సంబంధించినది. 1955లో గెలిచివుంటే ఏం గెలిచివుండేవారు? భూమి రాష్ట్రాల చేతిలోని విషయమే. కాని ఖజానాలో పెద్దభాగం కేంద్రానిది, బిల్లును రాష్ట్రపతి ఆమోదానికని గవర్నరు ఆపవచ్చు, ప్రభుత్వాన్నే తీసివేయవచ్చు. కేరళలో అది రుజువైంది. 1984లో రామారావుగారి ప్రభుత్వాన్ని గవర్నరు తొలగించి, ప్రజల ఆందోళన తర్వాత నెలరోజులకు తిరిగి ప్రతిష్ఠించవలసి వచ్చినప్పుడు కాంగ్రెసేతర పార్టీలన్నిటికీ అర్థమైంది. బలాబలాలు శాసనసభలోనే తేలాలని సుప్రీంకోర్టు బొమ్మై కేసులో చెప్పటానికి 1994దాకా పట్టింది. రాష్ట్రంలో గెలవటం అంటే హద్దులు గీసిన పొలంలో దుక్కి దున్నటం. ఆ ఎన్నికను విప్లవపు గడపగా భావించినవారే, ఓడిపోగానే దానిని విప్లవపు సమాధిగా భావించారు. రెండూ ఒకే భ్రమకు రెండు ముఖాలు.

మరొకటి కూడా గమనించాలి. 1955లో ఓటు వేసింది పదకొండు జిల్లాలు మాత్రమే. తెలంగాణ అప్పటికి హైదరాబాదు రాష్ట్రంలో వుంది. 1952లో నల్లగొండనుంచి రావి నారాయణరెడ్డిగారికి నెహ్రూకంటే ఎక్కువ ఓట్లు వేసి పార్లమెంటుకు పంపిన ప్రజలు 1955లో ఓటు వేయనేలేదు. రాష్ట్రాలు కలిసిన తర్వాత 1957లో శాసనసభ ఎన్నికలు తెలంగాణలోనే జరిగాయి. 1955లో గెలిచిన ఆంధ్ర సభ్యులు 1962దాకా కొనసాగారు. ఇక "తెలుగు ప్రజలు 1955లో తీర్పు చెప్పారు" అనటంలో ఏం అర్థం వుంది?

ఇప్పుడు సాహిత్యానికి వద్దాం. సంఘం కార్యకలాపాలు మందగించిన మాట నిజమే. కాని సంఘం మందగించటం వేరు, సాహిత్యం ఆగిపోవటం వేరు. ప్రకాశంగారి ప్రభుత్వాన్ని పడగొట్టిన ఆ మద్యనిషేధాన్నే తీసుకుని, ఆ చట్టం పోలీసు స్టేషన్లలో, కోర్టు వరండాలలో పేదవాణ్ణి ఎలా నంజుకు తింటున్నదో రావిశాస్త్రి "ఆరు సారా కథలు"లో చూపించారు. అవి మనం స్తబ్ధత అని పేరుపెట్టిన దశాబ్దంలో రాసినవే. మహీధర రామమోహనరావుగారి "కొల్లాయి గట్టితేనేమి?" 1965లో వచ్చింది, అటువంటి నవల ఒక్కరోజులో పుట్టదు. కుటుంబరావుగారు ఆ పదేళ్లూ కలం దించలేదు. శాసనసభలో ఎన్ని కుర్చీలు తగ్గితే సాహిత్యం అంత తగ్గిందని లెక్కవేసినవారికి ఇవి కనిపించలేదు.

రావలసిన పుస్తకం ఒకటి మాత్రం రాలేదు. ఆసామి చూస్తున్నాడని తెలిసీ 1955లో ఓటు వేసిన కూలివాని కథ అది. మర్నాడు పనికి పిలవలేదు, ఐనా వేశాడు. గెలిచినవారు అతనిని లెక్కపెట్టలేదు. ఓడినవారు "ప్రజలు మోసం చేశారు" అని అతనిని కూడా ఆ ప్రజలలో కలిపేశారు. 27 లక్షలమందిలో ఒకణ్ణి కూడా మన రచయితలు పూర్తిగా చూడకపోవటానికి నిరాశ కారణం కాదు, తప్పు లెక్క కారణం.

కళాశాలలలో ఆధునిక సాహిత్యం పాఠం చెప్పే మిత్రులకు ఒక మనవి. "1955 ఓటమి, తత్ఫలితంగా స్తబ్ధత" అనే వాక్యం వచ్చినచోట ఒక్క క్షణం ఆగి, 15 పక్కన 31 శాతం కూడా నల్లబల్ల మీద రాయండి. ఆపైన విద్యార్థులనే అడగండి: ఆ ఓట్లు వేసినవారు ఎవరు, వారి సంగతి ఏ పుస్తకంలో వుంది అని. సమాధానం దొరకకపోతే చేయవలసిన పని ఇంకా మిగిలివున్నట్టే.