సెగ తెలిసిన చేయి

టెక్సస్ రాష్ట్రంలో ఆస్టిన్ నగరానికి తూర్పుగా, కారులో గంట దూరంలో లెక్సింగ్టన్ అనే ఊరు ఉంది. జనాభా 1,200 చిల్లర. ఆ ఊళ్లో స్నోస్ బార్బెక్యూ అనే చిన్న హోటల్ వారానికి ఒక్కరోజు, శనివారం మాత్రమే తెరుస్తారు. పొద్దున్న 8 గంటలకు అమ్మకం మొదలు. మధ్యాహ్నం లోపే అంతా అయిపోవడం అక్కడ మామూలు. అయిపోయిందంటే మళ్లీ వచ్చే శనివారమే. నిప్పుల మీద మాంసం కాల్చే విద్య ఈ కాలంలో ఇంకా ఎక్కడ నిండుగా బతికుందని ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ఈ ఊరి పేరే.

శనివారమే ఎందుకంటే, ఆ ఊళ్లో పశువుల వేలం జరిగేది ఆ రోజే. పొద్దున్నే పశువుల్ని తోలుకొచ్చే రైతులకు కడుపు నిండా తిండి కావాలి. కెర్రీ బెక్స్‌లీ అనే స్థానికుడు 2003లో ఈ హోటల్ పెట్టినప్పుడు లెక్కలో పెట్టుకున్నది వాళ్లనే. చిన్నప్పటి నుంచి ఆయన్ని ఇంట్లో 'స్నోమ్యాన్' అని పిలిచేవారట, హోటల్‌కు ఆ పేరే వచ్చింది. ఐదేళ్లపాటు అది ఊరివాళ్ల హోటల్. 2008లో 'టెక్సస్ మంత్లీ' పత్రిక రాష్ట్రంలోని 50 అత్యుత్తమ బార్బెక్యూ హోటళ్ల జాబితా వేసి, మొదటి స్థానం స్నోస్‌కి ఇచ్చింది. పెద్ద ఊళ్లవాళ్లు అప్పటిదాకా ఆ పేరే వినలేదు. అదే ఏడాది కాల్విన్ ట్రిలిన్ 'న్యూయార్కర్'లో దాని గురించి రాశారు. 2017లో 'టెక్సస్ మంత్లీ' జాబితాలో మళ్లీ మొదటి స్థానం. ఇప్పుడు తెల్లవారకముందే వరస కడతారు. అయినా వంట మారలేదు. పేరు రావడం ఒక ఎత్తు, వచ్చిన పేరుకు లొంగకుండా పాత పద్ధతిలోనే వండటం ఇంకో ఎత్తు. స్నోస్ ఆ రెండో ఎత్తు ఎక్కి నిలబడింది.

దానికి కారణం ఒక మనిషి. పేరు టూట్సీ టొమనెట్జ్. 1935లో పుట్టారు. 1966లో గిడింగ్స్ అనే పొరుగూరి మాంసం కొట్టులో భర్త పని చేస్తుండగా, మనిషి తక్కువై, కాస్త చెయ్యి సాయం చేయమని ఈవిడను పిలిచారు. ఆ రోజు పట్టిన నిప్పులెత్తే పార ఆవిడ వదల్లేదు. 1976 నుంచి ఇరవై ఏళ్లపాటు లెక్సింగ్టన్‌లో భార్యాభర్తలే మాంసం కొట్టు నడిపారు. తర్వాత బెక్స్‌లీ కొత్త హోటల్ పెడుతూ ఆవిడ్ని వెతుక్కుంటూ వెళ్లారు. వారమంతా గిడింగ్స్ బడుల్లో ఊడ్చి తుడిచే ఉద్యోగం చేస్తూ, శుక్రవారం అర్ధరాత్రి దాటాక రెండు గంటలకల్లా పొయ్యి దగ్గర హాజరయ్యేవారు. ఎనభై దాటాక కూడా ఇదే దినచర్య సాగింది. 2018లో బార్బెక్యూ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆవిడ పేరు చేర్చారు. 2020లో నెట్‌ఫ్లిక్స్ 'చెఫ్స్ టేబుల్' వరసలో బార్బెక్యూ మీద తీసిన భాగాలను ఆవిడతోనే మొదలుపెట్టారు. ఇన్ని గౌరవాలూ ఆవిడకు తక్కువేనని నా అభిప్రాయం.

ఆవిడ చేసే పని ఏమిటో విడమరచి చెప్పాలి. బార్బెక్యూ అనగానే చాలామంది మసాలా గురించీ సాస్ గురించీ అడుగుతారు. అసలు విద్య అంతా నిప్పులో ఉంది.

ముందు కట్టె. మధ్య టెక్సస్‌లో విరివిగా పెరిగే పోస్ట్ ఓక్ చెట్టు కట్టెనే వాడతారు. నరికిన కట్టెను నెలల తరబడి ఆరబెట్టాలి. పచ్చికట్టె దట్టమైన తెల్లటి పొగ చిమ్ముతుంది. ఆ పొగ పడితే మాంసం చేదెక్కుతుంది. ఆరిన కట్టెకు గాలి సరిగా ఆడితే పొగ పలచబడి, నీలిరంగు తేలుతుంది. కట్టెలోని లిగ్నిన్ వేడికి విరిగినప్పుడు గ్వాయకాల్, సిరింగాల్ అనే పదార్థాలు పుడతాయి. పొగకు ఆ కమ్మటి వాసన ఇచ్చేవి ప్రధానంగా అవే. మసిపొగకూ మంచిపొగకూ తేడా కంటితో చూసి పట్టేయగలిగినవాడే పొయ్యి ముందు నిలబడాలి.

టూట్సీ పద్ధతిలో కట్టెను మాంసం కింద మండనివ్వరు. వేరే పొయ్యిలో కట్టెలు కాల్చి, మంట చచ్చి కణకణలాడే నిప్పులయ్యాక, పొడుగాటి పారతో ఎత్తి ఇనుప పెట్టెల అడుగున పరుస్తారు. పైన ఇనుప చువ్వల మీద మాంసం, దాని మీద మూత. ఏ మూల ఎన్ని నిప్పులు పడాలి, ఎప్పుడు పడాలి, ఎప్పుడు ఆగాలి అన్నది ఆవిడ చేతికి తెలుసు. థర్మామీటర్ వంక చూడరు. ఇనుము మీద చెయ్యి ఆనించి సెగ కొలుస్తారు. మన పెళ్లిళ్లలో గాడిపొయ్యి దగ్గర కట్టె వెనక్కి లాగి, నిప్పులు ముందుకు తోసి వందలమందికి వండిపెట్టే వంటమేస్త్రీని చూసినవాళ్లకు ఈ పని విలువ చెప్పనక్కర్లేదు.

ఇలా తిన్నగా నిప్పుల మీద కాల్చడంలో ఒక లాభం, ఒక ప్రమాదం ఉన్నాయి. మాంసంలోని కొవ్వు కరిగి నిప్పుల మీద పడుతుంది. పడిన చుక్క చుయ్యిమని ఆవిరై పైకి లేచి మళ్లీ మాంసానికే పడుతుంది. ఆ రుచి ఇంకే పద్ధతిలోనూ రాదు. కానీ అదే కొవ్వు భగ్గున అంటుకుంటే నిమిషాల్లో మాంసం నల్లగా మాడిపోతుంది. అంచేత పొయ్యి వదిలి పక్కకు వెళ్లడానికి లేదు. ఇది కాపలా పని, రాత్రంతా చేయాల్సిన పని.

ఈ నిప్పుల మీద టూట్సీ కాల్చే పోర్క్ స్టేక్‌ని మించిన వంటకం టెక్సస్‌లో లేదు. పంది గూడ భాగం నుంచి మందంగా కోసిన ముక్క అది. ఉప్పు, మిరియాలు పట్టించి గంటల తరబడి సెగ మీద ఉంచుతారు. మధ్యమధ్య ఉల్లిపాయ, వెన్న, వెనిగర్, ఆవ, వూస్టర్‌షైర్ సాస్ కలిపిన పలచటి పులుసును చిన్న మాప్‌తో అద్దుతారు. ఆ తడి పైభాగాన్ని ఎండిపోనివ్వదు, పొగను పట్టి ఉంచుతుంది, వెన్న ఎర్రబడి పైపొర కట్టిస్తుంది. కోడి కూడా అంతే. రొమ్ము ముక్క ఎండకుండా, తొడ ముక్క పచ్చిగా మిగలకుండా, చర్మం మాడకుండా ఒకే సెగ మీద కోడిని కాల్చడం ఎంత కష్టమో ప్రయత్నించినవాళ్లకే తెలుసు. ఆవిడ దాన్ని శనివారం శనివారం వరసలు వరసలుగా కాల్చి దింపుతారు.

ఇక బ్రిస్కెట్. టెక్సస్‌లో పేరంతా దీనిదే కాబట్టి చెప్పకుండా దాటలేం. ఇది పశువు రొమ్ము కండ, బరువు మోసీ మోసీ గట్టిపడిన భాగం. ఐదారు కిలోల ముక్కకు ఉప్పు, మిరియాలే పట్టిస్తారు. నిప్పు ఒక కొసన, మాంసం మరో కొసన ఉండే పొగపెట్టెలో 107 నుంచి 135 డిగ్రీల సెల్సియస్ మధ్య పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు ఉంచుతారు. లోపలి వేడి 65, 70 డిగ్రీల దగ్గరకొచ్చి గంటల తరబడి కదలకుండా నిలిచిపోతుంది. కొత్తవాడు ఇక్కడే బెదిరి మంట పెంచేస్తాడు. మాంసం పైన తడి ఆరుతూ చల్లబరుస్తున్నందువల్లే అలా ఆగుతుందని గ్రెగ్ బ్లాండర్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రయోగాలు చేసి చూపించారు. ఓపిక పట్టినవాడికి, గట్టి కొలాజెన్ అంతా జెలటిన్‌గా కరిగి, 95 డిగ్రీల దగ్గర కండ వేలితో తాకితే వణుకుతుంది. అప్పుడు దింపి, తగినంతసేపు విశ్రాంతినిచ్చి, కండ పోగులకు అడ్డంగా కోయాలి. కోత తప్పితే రాత్రంతా చేసిన పని నమలడంలో పోతుంది.

ఈ సంప్రదాయం ఎక్కడిదంటే, పంతొమ్మిదో శతాబ్దంలో వలస వచ్చిన జర్మన్, చెక్ కసాయిల కొట్లలో మిగిలిన మాంసాన్ని పొగబెట్టి అమ్మడంతో మొదలైందని చెబుతారు. పత్తి తీసే కూలీలు కొనుక్కుని, పొట్లం కట్టిన కాగితంలోనే తినేవారట. నల్లజాతివారి చేతులూ మెక్సికన్ల చేతులూ పడకుండా ఇది ఇంతదాకా వచ్చేది కాదు. లాక్‌హార్ట్‌లో క్రూజ్ మార్కెట్ అనే కొట్టు 1900 నాటిది. 1999లో దాన్ని నడిపే కుటుంబంలో పంపకాలొచ్చి, భవనం సోదరికి, పేరు సోదరుడు రిక్ ష్మిట్‌కు మిగిలినప్పుడు, ఆయన పాత పొయ్యిలోని నిప్పుల్ని తొట్టిలో పోసి, వీధి వెంట ఈడ్చుకెళ్లి కొత్త పొయ్యి వెలిగించారు. నిప్పు మీద అంత మమకారం. టేలర్‌లో లూయీ మ్యూలర్ 1949లో పెట్టిన హోటల్‌కు, ఆయన కొడుకు బాబీ చేతుల మీదుగా నడుస్తుండగా, 2006లో జేమ్స్ బియర్డ్ పురస్కారం వచ్చింది. ఆరన్ ఫ్రాంక్లిన్ 2009లో ఆస్టిన్‌లో ఒక ట్రైలర్ బండితో మొదలుపెట్టి, 2015లో నైరుతి ప్రాంతపు ఉత్తమ చెఫ్‌గా జేమ్స్ బియర్డ్ పురస్కారం అందుకున్నారు. ఆయన బ్రిస్కెట్‌కు వంక పెట్టే సాహసం నేను చేయను. కానీ నా ఓటు మాత్రం పార పట్టిన టూట్సీకే. బ్రిస్కెట్ మోజులో పడి, తిన్నగా నిప్పుల మీద కాల్చే ఈ పాత పద్ధతిని లోకం చిన్నచూపు చూసింది. కొత్తగా వచ్చే కుర్రాళ్లలో ఎక్కువమంది పొగపెట్టెలే కొంటున్నారు. నిప్పులు పోసే పెట్టె దగ్గర నేర్చుకోవడానికి నిలబడేవాళ్లు తక్కువ.

అంతకంటే మండే విషయం మరొకటి ఉంది. బోర్డు మీద 'కట్టెలతో కాల్చినది' అని రాసి, లోపల గ్యాస్ యంత్రం తిప్పే హోటళ్లు ఊరూరా ఉన్నాయి. బొత్తాం నొక్కి, పేరుకొక కట్టె లోపల పడేసి, వంటవాడు ఇంటికెళ్లి నిద్రపోతాడు. పొద్దున్న వచ్చి యంత్రం తలుపు తీసి దాన్నే బార్బెక్యూ అని అమ్ముతాడు. పొగ చాలకపోతే సీసాలో అమ్మే ద్రవపు పొగ ఉండనే ఉంది. రుచి లేనితనాన్ని కప్పడానికి తియ్యటి సాస్ గుమ్మరిస్తారు. రాత్రంతా మేలుకున్న మనిషి అడిగే ధరే ఈ యంత్రం కూడా అడుగుతోంది. ఇది మోసం. ఇంకో పక్క నగరాల్లో పొగ పడదని ఫిర్యాదులు. 2015లో ఆస్టిన్ నగర పాలక మండలిలో బార్బెక్యూ పొగను కట్టడి చేసే ప్రతిపాదన కూడా వచ్చింది. పొరుగువాళ్ల ఇబ్బందిని కాదనను, దానికి మార్గాలు వెతకవచ్చు. కానీ కట్టె పొయ్యి ఆరిపోతే ఆ విద్యను మళ్లీ పుట్టించడం ఏ పాలక మండలికీ చేతకాదు. పుస్తకం చదివి సెగ నేర్చుకోలేరు. తెలిసినవాళ్ల పక్కన నిలబడి, చెయ్యి కాల్చుకుని నేర్చుకోవలసిందే.

ఆస్టిన్, డాలస్, హ్యూస్టన్‌లలో మనవాళ్లు వేల కుటుంబాలు ఉన్నాయి. టెక్సస్ బార్బెక్యూ అంటే గొడ్డుమాంసమే కదా, మనకెందుకని చాలామంది ఆ వైపే వెళ్లరు. వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: ఆ రాష్ట్రంలో ఎంతో నేర్పు కోరే వంటకాలు పోర్క్ స్టేక్, కోడి. అవి తినడానికి మీకు ఏ అభ్యంతరమూ లేకపోతే ఒక శనివారం చీకటితోనే బయల్దేరండి. పిల్లల్నీ తీసుకెళ్లండి. తినే ముందు పొయ్యిల దగ్గరకు వెళ్లి చూడండి. అక్కడ దాచేదేమీ లేదు, అంతా కళ్ల ముందే జరుగుతుంది. ఇక్కడ ఊళ్లో ఉన్నవాళ్లకూ ఇది వర్తిస్తుంది. హైదరాబాద్‌లో బొగ్గుల మీద సీకులు తిప్పుతూ, విసనకర్రతో సెగ సవరించే కబాబ్ ఉస్తాదులు ఇంకా ఉన్నారు. గ్యాస్ గ్రిల్లు పెట్టి బార్బెక్యూ అని పేరు రాసుకున్న ఏసీ హాళ్లలో వేలు పోసే మనం, వీధి చివర వాళ్ల దగ్గర పది రూపాయలకు బేరమాడటం అన్యాయం.

చేతిపని బతకాలంటే పొగడ్తలు చాలవు, దాని ధర దానికి దక్కాలి. టూట్సీ లాంటి చేయి మరొకటి తయారు కావాలంటే రాత్రంతా పొయ్యి ముందు నిలబడే కుర్రాడికి ఆ కూలి గిట్టాలి. అది మన చేతిలో పని. కట్టెలతో వండామని చెప్పే హోటల్‌లో అడుగుపెట్టినప్పుడు, కట్టెల గుట్ట ఎక్కడుందో చూపించమని అడగండి. చూపిస్తే అడిగినంత ఇచ్చి తినండి. చూపించలేకపోతే లేచి వచ్చేయండి.